తనే నడిచే శంఖం

ఖాళీ శంఖాల్లో కాపురముండే పీతలకు ఒక ఆచారం ఉంది. ఒడ్డుకు కొత్త శంఖం వస్తే అవన్నీ పెద్దవి ముందు, చిన్నవి వెనక వరస కడతాయి. పెద్దది కొత్తదాంట్లోకి మారితే, అది వదిలినదాంట్లోకి దాని వెనకది మారుతుంది. ముందుది కదలకపోతే అందరూ ఇరుకులో మగ్గాల్సిందే.

ఒకరోజు ఆక్టోపస్ ఒక నిగనిగలాడే శంఖం తెచ్చి ఇసుకలో పెట్టింది.

"మొయ్యక్కర్లేదు, ఇదే నడుస్తుంది. తలుపు కూడా ఇదే వేసుకుంటుంది," అంది.

వరసలో ముందున్న ముసలి పీతకు పాత శంఖం ఒరుసుకుని వీపంతా పుండయింది. అయినా అది గడప దగ్గరే ఆగిపోయింది.

"దూరవేం తాతా? నీ వెనక మేమంతా ఊపిరాడక చస్తున్నాం!" అని వెనకున్న పీత విసుక్కుంది.

"తలుపు తీసేదెవరు?" అని ముసలిది ఆక్టోపస్‌ని అడిగింది.

"నీకెందుకా బెంగ? ఇదివరకు తీసుకున్నవాళ్ళను చూడు, ఎంత హాయిగా ఉన్నారో!"

నీళ్ళలోంచి మెరిసే శంఖాలు బారులుగా నడిచి వచ్చాయి. అన్నిటి తలుపులూ మూసే ఉన్నాయి. లోపల్నించి డెక్కలతో బాదుతున్న చప్పుడు వినిపించింది.

"విన్నావా? సంతోషం పట్టలేక చప్పట్లు కొడుతున్నారు," అంది ఆక్టోపస్.

ముసలి పీత తన పాత శంఖంలోకి ఇంకాస్త ముడుచుకుంది. దాని వెనకవన్నీ ముడుచుకున్నాయి. ఇరుకని ఒక్కటీ అనలేదు.