కిటికీ పక్కన వేడి

తాలింపు పొగ ఏ దారిన పోతుందో లెక్కగట్టి చూపించనిదే విశాఖలో ఏ ఇంట్లోనూ పొయ్యి వెలిగించనివ్వడం లేదు. అందుకని జనం రేషన్‌కి వెళ్లినంత మామూలుగా వార్డు ఆఫీసుకి వెళ్లి, అక్కడి పెద్ద కంప్యూటర్ మీద గాలి లెక్కలు నేర్చుకుంటున్నారు.

హైమావతి ఇంటి లెక్క ఇన్నాళ్లూ ఆమె భర్త చూసుకునేవాడు. ఆయన పోయి రెండు నెలలైంది. అప్పటినుంచీ ఆమె క్యాంటీన్ అన్నమే తింటోంది.

ఆమె లెక్క మూడుసార్లు తప్పింది. నాలుగోసారి, నేర్పించే నజీర్ తెర మీద వేలు పెట్టి చూపించాడు.

“చూడండమ్మా, పొగ ఇక్కడికొచ్చి వంగిపోయి పక్కింట్లోకెళ్తోంది. కిటికీ పక్కన కుర్చీలో ఎర్రగా ఈ వేడేటి?”

“మనిషండి. పొద్దున్న పూట ఆయన అక్కడే కూర్చుంటారు.”

నజీర్ ఆమె ఇంటి కార్డు చూశాడు. అందులో ఒక్క పేరే ఉంది.

“మనిషి వేడికి గాలి పైకి లేస్తాదమ్మా. అందుకే పొగ తిరిగిపోతోంది. ఇంట్లో ఉన్నోళ్లనే పెట్టాలి.”

“తీసేయమంటారా?”

“మీరే తీయాలమ్మా.”

ఆమె మీట నొక్కింది. కుర్చీలోని ఎర్రటి మచ్చ గది రంగులో కలిసిపోయింది. మూడు నిమిషాల తర్వాత అనుమతి వచ్చింది.

ఇంటికి వచ్చి పప్పుకి తాలింపు వేసింది. ఎండుమిరపకాయల పొగ కుర్చీ మీదుగా, ఎక్కడా వంగకుండా, సూటిగా కిటికీలోంచి వెళ్లిపోయింది.

లెక్క సరిగ్గానే ఉంది.