అరకన్ను

ఆ పొద్దున మబ్బు పట్టింది గానీ కురవలేదు. ఆకాశం బూడిదరంగు దుప్పటి కప్పుకుని, లేవనా మాననా అన్నట్టు పడుంది.

డిపో మేడమీద గదిలో వదిన మాత్రం ఆరింటికే కుర్చీలో కూర్చుంది. ఇరవై రెండేళ్లు కండక్టరుగా బస్సుల్లో నిలబడి నిలబడి మోకాలు అరిగిపోతే, తెచ్చి ఈ తెరల ముందు కూర్చోబెట్టారు. డిపోలో చిన్నా పెద్దా చాలామందికి ఆమె వదినే.

పోయినేడు ఇంకో డిపో డ్రైవరు కునుకు తీసి బస్సుని వంతెన మీంచి దింపేశాక, ప్రతి బస్సులోనూ డ్రైవరు మొహానికి ఒక కెమెరా పెట్టారు. రెప్ప రెండు సెకన్లు వాలితే చాలు, బస్సులో కీచుమంటుంది. ఇక్కడ తెర మీద ఎర్ర గడి గీస్తుంది. ఎంతసేపూ తప్పులు వెతుకుతుందని, అందరూ నట్టు అని పిలిచే మెకానిక్కు దానికి అత్తగారని పేరు పెట్టాడు.

అత్తగారు అరిచాక ఆ ముక్క వీడియో చూసి ‘నిజం’ అనో ‘పొరపాటు’ అనో నొక్కడం వదిన పని. నిజం అని నొక్కితే ఆ డ్రైవరు చేతిలోంచి స్టీరింగు ఆ రోజే పోతుంది. మళ్లీ రాదు.

డిపో మేనేజరు టీ గ్లాసుతో లోపలికొచ్చాడు.

“మోకాలెలా ఉందమ్మా?”

“ఏం చెప్పమంటారు సార్. నాలుగు రాత్రులుగా నేను నిద్రపోను, ఇంట్లో ఇంకొకళ్లని పోనివ్వను.”

ఆయన నవ్వబోయాడు. అంతలో తెర కీచుమంది. పదిహేడో నంబరు బస్సు.

“అరకన్ను అన్నే!” అన్నాడు నట్టు, వైర్ల చుట్ట భుజాన వేసుకుని గుమ్మంలోంచి తొంగిచూస్తూ. “అత్తగారికి మా అన్న మీద ఏం పగో!”

అరకన్ను అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. పుట్టుకతోనే ఎడమ రెప్ప సగానికి వాలిపోయి ఉంటుంది. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో బస్సుకి చిన్న గీతైనా పడనివ్వలేదు. ఇంకో ఎనిమిది నెలల్లో రిటైరవుతాడు. కెమెరా మాత్రం వారానికి రెండుసార్లయినా అతను నిద్రపోతున్నాడంటుంది. వదిన చూస్తుంది. ఆ సగం రెప్ప కింద నల్లగుడ్డు రోడ్డునే చూస్తుంటుంది. పొరపాటు అని నొక్కుతుంది.

ఇవాళా వీడియో తిప్పింది. కుడి కన్ను టోపీ నీడలో పోయింది. కెమెరా వైపున్న ఎడమ కన్నొకటే కనిపిస్తోంది. వెనక బస్సు నిండా జనం. కమ్మీ పట్టుకుని ఇద్దరు బడిపిల్లలు ఏదో చెప్పుకుని నవ్వుతున్నారు. రోడ్డు తిన్నగా ఉంది. బస్సు పక్కకి పోలేదు. మొత్తం మూడు సెకన్లు.

“కన్ను తెరిచే ఉందిగా,” నట్టు తెర మీద వేలు పెట్టాడు. “ఇదిగో సందు. నిద్రపోయేవాడి కన్ను ఎక్కడైనా తెరుచుకుని ఉంటుందా? నొక్కెయ్ వదినా.”

వదిన నొక్కలేదు. బొమ్మ పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. రెప్ప కింద గీతంత సందు. అందులో తెలుపొక్కటే.

“అన్నిసార్లేం చూస్తావ్? ఆ కన్ను సంగతి నీకు తెలీందా?”

“తెలుసు.”

మేనేజరు గ్లాసు బల్ల మీద పెట్టి కిటికీ దగ్గరికి నడిచాడు. మబ్బుకేసి చూస్తూ అటే నిలబడ్డాడు. “నువ్వేది నొక్కినా నేను మళ్లీ తీసి చూడనమ్మా. నీ మాటే ఆఖరు.”

వదిన మళ్లీ మొదట్నించి తిప్పింది. ఈసారి కన్ను చూడలేదు. పిల్లల్ని చూసింది. మూడు సెకన్లూ అయిపోయాయి. వాళ్లలో చిన్నది ఇంకా నవ్వుతూనే ఉంది.

అరచేత్తో మొహం తుడుచుకుని, నిజం అని నొక్కింది.

“ఏం చేశావ్ వదినా!” నట్టు భుజం మీంచి వైర్ల చుట్ట జారిపోయింది. “ఎనిమిది నెలలు! కళ్లు మూసుకుంటే అయిపోయేవి కదా!”

“మూసుకోకూడదనేగా నన్నిక్కడ కూర్చోబెట్టింది.”

“నువ్వూ ఒక మనిషివేనా? ఇవాళ అన్న గొంతులో ముద్ద దిగుతుందా?”

మేనేజరు వెనక్కి తిరక్కుండానే ఫోను తీశాడు.

పదకొండింటికి పదిహేడో నంబరు డిపోలోకొచ్చింది. స్టీరింగు ముందు ఇంకెవరో ఉన్నారు. అరకన్ను వెనక సీట్లో ప్రయాణికుడిలా కూర్చుని వచ్చాడు. దిగాక టోపీ తీసి, దుమ్ము దులిపి, డ్రైవరు సీటు మీద పెట్టాడు. ఒక్కసారి తలెత్తి మేడమీది కిటికీ చూశాడు. అక్కడ నిలబడ్డ వదిన పక్కకి జరగలేదు.

రెండింటికి డ్యూటీ దిగి, మోకాలు ఈడ్చుకుంటూ ఇంటికెళ్లింది. పొద్దున వండి వెళ్లింది వేడి చేసింది. రెండు కంచాలు పెట్టింది.

అరకన్ను లోపలి గదిలోంచి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఎంత నిద్రలోనైనా తన ఎడమ కన్ను పూర్తిగా మూతపడదని, ముప్పై ఏళ్లుగా పక్కన పడుకుంటున్న ఈమెకి తప్ప లోకంలో ఇంకెవరికీ తెలియదని అతనికీ తెలుసు గనక, ఇద్దరూ ఒక్క మాటా లేకుండా అన్నం తిన్నారు.