సంతకం లేని జాబితా

"పెద్దవాళ్ళకి ఇక్కడేం పనండీ?"

పిల్లల చిన్న కుర్చీలో ఇరుక్కుని కూర్చున్న ముసలాయన ఉలిక్కిపడి లేచాడు. ఆయనతోపాటు కుర్చీ కూడా లేచింది. పిల్లలు పకపకా నవ్వారు.

"ఊరికేనమ్మా. కబుర్లు చెప్పుకుంటున్నాం."

"ఇది లైబ్రరీ. సంత కాదు!"

లైబ్రేరియనమ్మ కోపానికి కారణం ఉంది. ఈయన ఒక్క పుస్తకమూ తీసుకెళ్ళడు. రోజూ వచ్చి పిల్లల్ని ఏదో అడుగుతాడు, చీటీల మీద ఏదో గీక్కుంటాడు.

"రేపట్నుంచి రాకండి."

"అలాగేనమ్మా."

వెళ్ళిపోయాడు. పీడ విరగడైందనుకుంది ఆవిడ.

కొత్త పుస్తకాలు కొనే నెల వచ్చింది.

ఏటా ఆ నెలలో పోస్టులో ఒక జాబితా వచ్చేది. అంతా ఆకుపచ్చ సిరాతో చేత్తో రాసి ఉండేది, కింద సంతకం ఉండదు. ఆకుపచ్చ సిరా అంటే ఆఫీసర్లే కదా, పై ఆఫీసే పంపుతోందనుకునేది ఆవిడ. కళ్ళు మూసుకుని అవే కొనేది. పిల్లలు ఎగబడి పట్టుకెళ్ళేవారు.

ఆ గిరాకీ వల్లే లైబ్రరీలో ఆ పిల్లల గది బతికింది. లేకపోతే పాత ఫైళ్ళు పడేసుకుంటామని పైవాళ్ళు ఏనాడో బెదిరించారు.

ఈసారి జాబితా రాలేదు. ఆవిడే ఎంచి కొంది. అన్నీ బుద్ధులు చెప్పే లావుపాటి పుస్తకాలు. ఒక్క పిల్ల ముట్టుకుంటే ఒట్టు!

నాలుగు నెలలు చూసి పై ఆఫీసుకి ఫోన్ చేసింది.

"ఈ ఏడు జాబితా పంపలేదేమండీ?"

"ఏం జాబితా? మేమెప్పుడూ పంపలేదే! అన్నట్టు, ఆ పిల్లల గది వచ్చే నెల ఖాళీ చేయండి. ఎవరూ రావట్లేదటగా."



ఆవిడ ఫోన్ పెట్టేసేసరికి బల్ల దగ్గర ముందుపళ్ళూడిన పిల్ల నిలబడి ఉంది.

"మేడమ్, తాతగారు ఇంక రారా?"

"ఎందుకే?"

"ఏ పుస్తకం సగంలో ఆపేశామో, ఎందుకాపేశామో అడిగేవారు. ఎలాంటివైతే చదువుతామో రాసుకునేవారు. నేను చెప్పాల్సినవి బోలెడున్నాయి."

"ఆయన ఇల్లెక్కడ?"

"ఏమో. ఎవరం అడగలేదు."

పిల్ల తన పుస్తకంలో గుర్తుగా పెట్టుకున్న చీటీ తీసింది.

"ఇది వెళ్ళిపోయిన రోజు మర్చిపోయారు. ఇచ్చేస్తారా?"

ఆవిడ చీటీ విప్పింది.

ఐదు పుస్తకాల పేర్లు, పక్కన ఐదుగురు పిల్లల వయసులు, నాలుగేళ్ళుగా ఆవిడ పై ఆఫీసుదనుకుని కళ్ళకద్దుకున్న అదే ఆకుపచ్చ సిరా రాత.