ఊరు తిన్నాక

ప్రభావతి టీచరు కలిపి చేతిలో పెట్టిన ముద్దను పురుషోత్తం నోట్లో పెట్టుకోలేదు.

క్లాసు సరుకులకని ఇద్దరూ వచ్చిన పుంగనూరు బస్టాండులో, పక్క బెంచీ మీదున్న బక్కచిక్కిన ముసలామె చేతిలో పెట్టేశాడు.

"తిను అవ్వా," అన్నాడు.

ప్రభావతి ముఖం మాడిపోయింది.

అది ఉత్త ముద్ద కాదు. మదనపల్లెలో వంటల క్లాసు నడిపే ప్రభావతికి నలభై దాటాయి. అంత ప్రేమగా ఎవరికీ కలిపి పెట్టింది లేదు. ఆ పొద్దున బస్సులో అతనడిగిన మాటకు అది ఆమె జవాబు.

"మా ఇంటికి వస్తారా టీచరమ్మా?"

"వంటకా?"

"వంట నేను చేస్తా. మీరు ఊరికే కూర్చోని తినాల."

కుప్పం దగ్గర పల్లె నుంచి వచ్చి, ఆడవాళ్ళ మధ్య ఒక్కడే మగవాడిగా క్లాసులో చేరాడు పురుషోత్తం. సేద్యం చేసుకుంటానన్నాడు. టమోటా పచ్చడి మాడ్చినా గిన్నెలు మాత్రం తళతళలాడేలా కడిగేవాడు. అతనొచ్చే వేళకు ఆమె ఓ మారు అద్దం చూసుకునేది, అబద్ధమెందుకు!

ఒకటే లోటు. క్లాసయ్యాక వండినవి అందరూ కూర్చుని తినేవాళ్ళు. అతను మాత్రం "ఆనక తింటాలే" అని తన వాటా డబ్బాలో పెట్టుకుని పోయేవాడు.

ఆమె చేతి వంట అతను తినగా ఆమె ఏనాడూ చూడలేదు. ఇప్పుడది గుర్తొచ్చింది.

"ఏమప్పా, నా చేతి ముద్ద నీ గొంతు దిగదా?"

"అట్ల కాదు టీచరమ్మా. మా ఇంట్లో ఒక ఆచారం ఉండాది..."

ఆచారం! మిషన్ ఆస్పత్రిలో ఆయాగా పనిచేసిన తన అమ్మకు దోసిట్లో ఎత్తి నీళ్ళు పోసినవాళ్ళంతా ఆ మాటే చెప్పేవాళ్ళు. వినీ వినీ ప్రభావతి చెవులు కాయలు కట్టాయి.

"చాలు. పెళ్ళాడతానంటావు, ముద్ద మాత్రం నోట పెట్టవు. ఇంక నా గడప తొక్కొద్దు."

అతనేదో చెప్పబోయాడు. ఆమె బస్సెక్కేసింది.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. రావొద్దన్నది తనే, రాలేదని ఏడ్చిందీ తనే.

టమోటా ధర పడిపోయి మార్కెట్టంతా దిగులుగా ఉన్న రోజుల్లో, వెంకటేశులు అనే పెద్దాయన క్లాసు వెతుక్కుంటూ వచ్చాడు.

"కుప్పం కాడ కోట ఇంట్లో దినం ఉండాదమ్మా. మా దొర పోయినాడు. ఊరందరికీ వండాల."

"ఆడ వంటోళ్ళు లేరా పెద్దాయనా?"

"మీరే రావాలని దొర మాట."

ఆమెకు ఏ దొరా తెలీదు. ఏ పెళ్ళిలోనో తన వంట తిని ఉంటాడనుకుంది. చావింటి పిలుపు కాదనలేక వెళ్ళింది.

కోట అన్నది పేరుకే. బురుజు కూలిపోయింది, గోడల మీద పిచ్చిమొక్కలు మొలిచాయి. దొరతనం ఏనాడో పోయినా, జనం కళ్ళు తుడుచుకుంటూ బంతి తర్వాత బంతి కూర్చున్నారు.

చివరి బంతి లేచాక, వెంకటేశులు లోపలి గదిలో ఒక్క ఆకు వేశాడు.

"దొరకు వడ్డించండమ్మా."

"ఆయనకు ముందు పెట్టాల గదా?"

"ఈ ఇంట్లో అట్ల లేదు. పెద్ద కరువులో ఈళ్ళ పూర్వీకుడు ఊరికి మాటిచ్చినాడు. ఊరు తిన్నాకే దొర తినాల. యాడున్నా, ఆకలిగొన్నోళ్ళకు పెట్టినాకే ముద్ద నోట్లో పెట్టాల."

ప్రభావతి చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఇల్లాలూ అంతేనమ్మా. ఊరికి వండి వండి, ఆఖరున మిగిలింది తినాల. ఈయనమ్మ ఆ పొగలోనే పోయింది. అందుకే మా దొర వంట నేర్చుకుండేదానికి పోయినాడు. తనకొచ్చే పెళ్ళాం కూర్చోని అందరికంటే ముందు తినాలని ఆయన ఆశ."

ఆమె గరిటె కింద పెట్టి అడిగింది:

"నేను కిరస్తానీదాన్ని, పెద్దాయనా. ఆకులో నేను పెట్టొచ్చా?"

"గుండె జబ్బుతో మంచాన ఉండి ఆయన చెప్పింది ఇదొక్కటే. 'నా ఆకులో టీచరమ్మే ముద్ద పెట్టాల. ఆ పొద్దు తినలేకపోతి' అన్నాడు."

ఆమె అన్నం కలిపి, ముద్ద చేసి, తలెత్తింది.

దీపం వెనక, దండ వేసిన పటంలో, తలపాగా కట్టుకుని ఆ ముద్ద కోసమే కూర్చున్నాడు, ఆమె క్లాసులో గిన్నెలు కడిగిన పురుషోత్తం.