తడి చుక్కలు

"మళ్ళీ తడిపిందా?" గుమ్మంలోనే ముక్కు మూసుకున్నాడు ముజి.

భార్య ఖొంజెని తడిసిన గోనెపట్టా చుట్టి బయట పడేసింది. పేడతో అలికిన నేల మీద మరక ఇంకా మిగిలే ఉంది.

ముసలికుక్క బతిని తల దించుకుంది. పాపం, దానికే సిగ్గు. నిద్రలో దానికి తెలియకుండానే ఉచ్చ కారిపోతుంది. మెలకువ వచ్చేసరికి పొట్టంతా తడే.

"అదీ ఎక్కడ? అమ్మ కూర్చునే చోట!"

ఇంట్లో వెనకగోడ వారన, పోయిన పెద్దలుండే చోట, రేగుకొమ్మ వాడిపోతోంది. ముజి తల్లి జొహానెస్‌బర్గ్ ఆసుపత్రిలో పోయింది. అక్కడే పాతిపెట్టారు. పోయినవారమే చిన్నకొడుకు తులానీ వెళ్ళి, ఆమె ఆత్మను ఈ కొమ్మ మీద ఇంటికి తీసుకొచ్చాడు. మేకను కోశారు. ఊరంతా వచ్చి తిని వెళ్ళింది.

"తమ్ముడు ఎంత నిష్ఠగా తెచ్చాడు! వ్యాన్‌లో అమ్మకి పక్క సీటు కొన్నాడు. కొమ్మ చేతిలో ఉన్నంతసేపూ ఆమెతో తప్ప ఎవరితోనూ మాట్లాడకూడదంటే, నోరు కట్టేసుకుని వచ్చాడు. ఇప్పుడు దీని కంపుకి అమ్మ లేచి వెళ్ళిపోతే?"

"బయట పడుకోబెడితే చలికి పోతుందండీ."

"పోనీ! శనివారం వస్తాగా, తాడు తెస్తా."

ముజి సంచి భుజాన వేసుకుని పట్నంలో పనికి వెళ్ళిపోయాడు.

తాడు ఎందుకో ఖొంజెనికి తెలుసు. ఈ ఇంట కొత్తకోడలిగా అడుగుపెట్టిన రోజు ఆమెని చూసి సంబరపడింది ఈ కుక్క ఒక్కటే. అత్తగారిని ఆమె చూసే ఎరగదు.

బతిని వాకిట్లోకి వెళ్ళి కూలబడింది. మేకను కోసిన రోజు నుంచీ అదే వరస. అందరూ కొమ్మకి దణ్ణాలు పెడుతుంటే అది కొమ్మ వంక కన్నెత్తి చూడలేదు. వంతెన దారి వంకే చూస్తూ కూర్చుంటుంది.

బుధవారం, ఎండ నడినెత్తికి వచ్చిన వేళ, ఊళ్ళో కుక్కలన్నీ ఒక్కసారిగా అరుపు ఆపేశాయి.

ఖొంజెని తలెత్తి చూసింది. గేటు అవతల ఒక ముసలావిడ నిలబడి ఉంది. తలకి నల్లగుడ్డ, భుజాల మీద దుప్పటి. ఎప్పుడొచ్చిందో తెలియదు. గేటు తీసే ఉన్నా లోపలికి అడుగు పెట్టలేదు.

"ఎవరు కావాలవ్వా?"

"ఇంటికి పోతున్నానమ్మా. వెంట తీసుకొస్తున్నవాడు ఎవరితోనో మాటల్లో పడి నన్ను దారిలో వదిలేశాడు."

"మగాళ్ళంతా అంతేలే అవ్వా!" అని ఖొంజెని నవ్వింది.

ముసలావిడ నవ్వలేదు. "లోపలికి రమ్మంటావా?"

ఆమె కళ్ళు ఖొంజెనిని చూడటం లేదు. వెనకున్న ఇంటినే చూస్తున్నాయి.

"ఇంట్లో మగవాళ్ళు లేరవ్వా. ఏమీ అనుకోకు."

"పిలవందే రాలేనులే."

అంతలో బతిని లేచింది. నడుము కింద చెయ్యేసి లేపితే గానీ లేవని కుక్క, కారుతూనే, తోక ఊపుకుంటూ గేటు దాకా నడిచింది.

ముసలావిడ వంగి దాని పొట్ట కింద చూసింది. "ఒరుసుకుపోయిందే! నీళ్ళు తగ్గించావా?"

"తడపకుండా ఉంటుందని..."

"తప్పు తల్లీ. నీళ్ళు ఆపితే ఆగే రోగం కాదిది. మంట ఇంకా పెరుగుతుంది. గోరువెచ్చటి నీళ్ళతో కడిగి, తడి లేకుండా తుడిచి, కాస్త వ్యాజిలీన్ రాయాలి. లేవగానే ఒకసారి, తినగానే ఒకసారి బయట తిప్పాలి. తిట్టకూడదు. ముసలి ఒంటికి పట్టు ఉండదమ్మా."

ఈ ఇంటికొచ్చిన ఇన్నాళ్ళకి ఒకరు తనతో నెమ్మదిగా మాట్లాడారు. ఖొంజెనికి ఏడుపొచ్చింది.

"ఇక కడిగేదేముంది అవ్వా? శనివారం దీన్ని ఉరేస్తారు."

ముసలావిడ బతిని వంక చూసింది.

"అయితే నాతో పంపు. నాకూ తోడు లేదు."

"తీసుకుపో అవ్వా! నీకు పుణ్యముంటుంది. ఉండు, నీళ్ళు తెస్తా, తాగి వెళ్దువుగాని."

గిన్నెతో తిరిగి వచ్చేసరికి ఇద్దరూ లేరు. దారి దుమ్ములో బతిని అడుగులు, మధ్యమధ్య తడి చుక్కలు. అవ్వ అడుగులు మాత్రం ఎక్కడా పడలేదు. పక్కన గడ్డిలో నడిచిందేమో అనుకుంది ఖొంజెని.

శనివారం ముజి వ్యాన్ దిగాడు. అన్న మాట ప్రకారం చేతిలో తాడుంది.

"కుక్కేది?"

"ఎవరో అవ్వ అడిగితే ఇచ్చేశాను."

"నాకు కథలు చెప్పకు! అది పరాయివాళ్ళని దగ్గరికి రానిస్తుందా? పిక్క పట్టుకుంటుంది. మా అమ్మ వెంట తప్ప ఎవరి వెంటా ఈ గేటు దాటి ఎరగదు."

"తోకాడించుకుంటూ పోయిందండీ. ఒట్టు."

ముజి వాకిట్లో బతిని కూర్చునే చోటు వంక చూశాడు.

వ్యాన్ డ్రైవర్ పిండిబస్తా దించి గేటు పక్కన పెట్టాడు. పొరుగూరివాడు. జొహానెస్‌బర్గ్ బండీ అతనే నడుపుతాడు. చెమట తుడుచుకుంటూ ముజిని పలకరించాడు.

"అన్నా, అడుగుదామనుకుంటూనే ఉన్నా. పోయినవారం మీ తమ్ముడు ఫోన్లో ఎవరి మీదో కేకలేస్తుంటే, ఆయన పక్క సీట్లో వచ్చిన పెద్దావిడ చెప్పాపెట్టకుండా వంతెన దగ్గర దిగిపోయింది, ఇల్లు చేరిందా?"