మొదటివాడి రాయి

ఆదివారం పొద్దున కొండ మీదికి రెండోవాడిగా చేరిన కొండరాజుకు, తన రాయి మీద వేరే మనిషి కూర్చుని అరటిపండు తింటూ కనిపించింది.

కొండరాజు అసలు పేరు కాదు. సైకిళ్ళ బృందం పెట్టిన పేరు. మిగతా ఆరు రోజులూ అతను కళ్ళద్దాల షాపు నడుపుతాడు. ఆదివారం మాత్రం పద్నాలుగు మందితో కలిసి మౌంటెన్ బైక్ మీద మట్టిదారిన కొండెక్కుతాడు. పైన కూర్చోవడానికి వీలుగా ఉన్న రాయి ఒక్కటే. ముందు చేరినవాళ్ళది రాయి, తక్కినవాళ్ళకు నేల. ఈ నియమం ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తు లేదు. ఏడేళ్ళలో ఆ రాయి అతనికి దక్కనిది జ్వరంతో మంచానపడ్డ రెండు వారాలే.

ఇప్పుడు దాని మీద కూర్చున్నది ఒక నర్సు. బృందంలో చేరి నెల కూడా కాలేదు. సైకిల్ సెకండ్ హ్యాండ్‌ది. రెండు టైర్లకూ పొంతన లేదు. హెల్మెట్ పట్టీ తెగితే దారంతో కుట్టుకుంది. కాళ్ళకు డ్యూటీకి వేసుకునే తెల్లబూట్లే.

కొండరాజు సంగతి వేరు. చేతి తొడుగుల దగ్గర్నుంచి కళ్ళజోడు దాకా అన్నీ మేలురకం. సైకిల్‌నైతే ఎవరి చేతా ముట్టుకోనివ్వడు. కడగడం, నూనె వేయడం, కారు మీదికి ఎత్తి కట్టడం అన్నీ తనే. “అందులో సగం నన్ను చూసుకున్నా చాలు” అని భార్య నలుగురిలో దెప్పుతూ ఉంటుంది.

“రండన్నా, కూర్చోండి” అంటూ నర్సు రాయి మీద కాస్త పక్కకు జరిగింది.

అతనికి ఒళ్ళు మండిపోయింది. ఓడిపోయినదానికంటే ఆమె చోటివ్వడమే ఎక్కువ మంటెక్కించింది.

తర్వాతి వారమూ ఆమే ముందు. ఆ పై వారం, అందరూ సైకిల్ దిగి తోసుకునే చివరి మలుపులో, సీటు మీంచి లేవకుండానే అతన్ని దాటేసింది. పైగా పలకరించింది కూడా.

“ఇవాళ ఎండ లేదు, హాయిగా ఉంది కదన్నా.”

బదులిద్దామంటే అతనికి ఊపిరి అందలేదు.

ఆ తర్వాత అన్నం సయించలేదు. షాపులో ఒకాయనకు కుడి అద్దం ఎడమవైపు బిగించి పంపేశాడు.

“ఆ అమ్మాయి కాళ్ళలో బలం ఉందేమోనండి” అంది భార్య, అతను వదిలేసిన కంచం తీస్తూ.

“కాళ్ళలో కాదు, సైకిల్‌లో ఉంది” అన్నాడు.

అన్నాక ఆ మాట అతన్ని పట్టుకుని వదల్లేదు. మర్నాడే మెకానిక్ దుకాణానికి వెళ్ళాడు. మెకానిక్ కూడా బృందంలో మనిషే. ఇంకో నలుగురు అక్కడే ఉన్నారు.

“మోటారా? సైకిల్‌లో మోటారుంటే కనపడదా అన్నా?” అన్నాడు మెకానిక్.

“కనపడదు. పెడల్ ఇరుసుకు కాస్త పైన, సీటు గొట్టం లోపల ఉంటుంది. జానెడు పొడవు. స్విచ్చి హ్యాండిల్ రబ్బరు కింద దాస్తారు. గులకరాళ్ళ చప్పుడులో దాని చప్పుడు కలిసిపోతుంది.”

అందరూ నోరెళ్ళబెట్టారు. షాపులో బేరాల్లేనప్పుడు ఫోనులో ఇవన్నీ చదువుతాడు కాబోలు అనుకున్నారు.

ఆదివారం కొండ మొదట్లో, ఎవరూ సైకిల్ ఎక్కకముందే కొండరాజు అడ్డంగా నిలబడ్డాడు.

“ఈవిడ సైకిల్ విప్పి చూడాలి. మోటారు దొరికితే మళ్ళీ మనతో రాకూడదు.”

నర్సు మొహం ఎర్రబడింది.

“దొరక్కపోతే?” అంది.

“అందరి ముందూ క్షమించమని అడుగుతా.”

మెకానిక్ ఇబ్బంది పడుతూనే పానా పట్టాడు. సీటు పీకాడు. గొట్టంలోకి టార్చి వేశాడు. పెడళ్ళు ఊడదీశాడు, హ్యాండిల్ రబ్బర్లు లాగేశాడు. సైకిల్ తలకిందులు చేసి దులిపితే చెంచాడు తుప్పు రాలింది. అంతకుమించి ఏమీ లేదు.

నర్సు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎవరూ ఆమె వైపు చూడలేకపోయారు.

“క్షమించమ్మా” అన్నాడు కొండరాజు, నేలచూపులు చూస్తూ.

“పర్లేదన్నా.” ఆమె ముంజేత్తో కళ్ళు తుడుచుకుంది. “మా ఆసుపత్రిలో లిఫ్ట్ చెడిపోయి ఆరునెలలైంది. చక్రాల కుర్చీల్లో పేషెంట్లని వాలుదారి మీద నాలుగో అంతస్తు దాకా తోసేది మేమే. దాని ముందు ఈ కొండ నాకో లెక్కా?”

ఎవరో ఒకరు చప్పట్లు మొదలుపెట్టారు. తక్కినవాళ్ళూ కలిశారు.

“నా గొప్పేముంది” అంది ఆమె, కొండరాజు వైపు తిరిగి. “ఏడేళ్ళు ఎవరికీ అందకుండా ఎక్కారు మీరు. నా కాళ్ళు అన్నేళ్ళు నిలబడతాయో లేదో.”

ఆమె మనసారా అన్నది. అందుకే అది ముల్లులా దిగింది. ఆ రోజూ అతను రెండోవాడిగానే చేరి, నేల మీద కూర్చుని, దారి పొడుగునా ఆమె తెల్లబూట్ల వైపే చూసి కుళ్ళుకుంటూ ఇంటికొచ్చాడు.

“ఏం తేలింది?” అని అడిగింది భార్య.

“ఏముంది, ఉట్టి కాళ్ళే” అన్నాడు ఏడుపు గొంతుతో.

“మరింకేం, ఒప్పేసుకోండి.”

అతను సైకిల్‌ని వెనకగదిలోకి తీసుకెళ్ళి, తలుపు గడియ పెట్టి, సీటు పైకి లాగి, గొట్టంలోని బ్యాటరీ తీసి, ఏడేళ్ళుగా ప్రతి ఆదివారం చేస్తున్నట్టే చార్జింగ్‌కి పెట్టాడు.