చెంబుకిచ్చిన మాట

వాగు ఎండిపోయిన ఏడు, మొగలిపొదలో ఒక రాగి చెంబు కనిపించింది. ఎంత తాగినా అందులో నీళ్లు తరగవట.

"దాహమైతే తాగు గానీ దానితో మాట కలపకే," అని తాబేలు తాత కుందేలుకు మరీ మరీ చెప్పాడు.

కుందేలు వెళ్లింది. "ఎవరమ్మాయివమ్మా? పిల్లలెందరు?" అని చెంబు చల్లగా పలకరించింది. కుందేలు పెదవి విప్పలేదు. కడుపునిండా తాగి వెనుదిరిగింది. ఎవరింటి నుంచి కదిలినా అనే మాట, అలవాటుగా నోటి వెంట వచ్చేసింది.

"వెళ్లొస్తా."

"మంచిది, రా," అంది చెంబు.

వానలు పడి వాగు నిండింది. ఇక చెంబుతో పనేముందనుకుంది కుందేలు. ఒక సాయంత్రం మేస్తూ మేస్తూ తలెత్తి చూస్తే, తన కాళ్లు మొగలిపొద వైపే నడుస్తున్నాయి. ఆపబోతే ఆగలేదు.

దారిలో తాబేలు తాత ఎదురయ్యాడు. "ఎక్కడికే, ఈ వేళప్పుడు?"

"వెళ్లొస్తానని చెంబుతో అన్నాను తాతా."

తాత దారికి అడ్డం వచ్చాడు. "అయితే నాకూ అదే మాట చెప్పి వెళ్లు తల్లీ. అదే నిన్ను వెనక్కి తెస్తుంది."

కుందేలు నోరు తెరిచింది. ఆ మాట రాలేదు. మళ్లీ గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

"వెళ్తున్నా," అంది.